శుద్ధి చేసిన మురుగునీరు హంద్రీకి వదలాలా, పొలాలకు మళ్లించాలా?

బురుజు నీడ:
కర్నూలు మురుగును శుద్ధి చేయాలనడంలో ఎవరికీ పేచీ లేదు. శుద్ధి చేశాక ఆ నీళ్లు ఎటు పంపాలన్న దగ్గరే తగవు. మొన్న ఇక్కడ ఒకరు "హంద్రీకే వదిలితే ఎండిన వాగు మళ్లీ పారుతుంది" అన్నారు. నేను ఒప్పుకోను.

మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని పట్టణ నీటి సరఫరా ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క వేస్తారు. 2011 జనాభా లెక్కలకే మన ఊరు 4 లక్షలు దాటింది. అంటే రోజుకు 4 కోట్ల లీటర్ల పైమాటే. నదిలో కలిపే నీటిలో బీవోడీ, అంటే కుళ్లే మాలిన్యం కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని సాధారణ నిబంధన. స్నానానికి పనికిరావాలంటే 3 దాటకూడదు. పది రెట్ల తేడా! నది నిండుగా ఉంటే ఆ తేడా కలిసిపోతుంది. ఏప్రిల్‌లో హంద్రీలో ఏముంది కలవడానికి? వంతెన మీద నిలబడి చూశాను. ఇసుక మధ్య ఒకటే నల్లటి పాయ, రాళ్ల దగ్గర నురగ, రెండు పక్కలా గుర్రపుడెక్క. ఆ నీళ్లలోనే ఒక గేదె మెడదాకా మునిగి ఉంది.

గుర్రపుడెక్కను పెంచేది మురుగులోని నత్రజని, భాస్వరమే. పొలానికి వెళితే అవే ఎరువు.

నదిగట్టు:
బురుజు నీడ గారూ, 30 అనేది గరిష్ఠ పరిమితి. దాన్ని 10కి దించే శుద్ధి పద్ధతులు ఉన్నాయి. వాటిని అడగకుండా నదికి నీళ్లే వద్దంటే ఎలా? హంద్రీకి మిగిలింది ఆ పాయ ఒక్కటే. దాన్నీ మళ్లిస్తే అక్కడ ఇసుక తవ్వకాలు, ఆక్రమణలు తప్ప ఏమీ మిగలవు. ఎండిన వాగును ఎవరూ నదిగా చూడరు. 2009 అక్టోబరు వరదలో ఊరు మునిగినప్పుడు గానీ మనకు నది గుర్తుకు రాలేదు.

గూడూరు రైతు:
అన్నా, మా పొలాలకు ఇస్తామంటున్నారు, మమ్మల్ని ఎవరైనా అడిగారా? మురుగులో ఉప్పు శాతం ఎక్కువ. శుద్ధి కేంద్రం కుళ్లును తీస్తుంది గానీ ఉప్పును తీయదు. నాలుగేళ్లు అదే పారిస్తే నేల చౌడుబారుతుంది. ఆకుకూరలు వేస్తే నులిపురుగుల గుడ్ల భయం. పైగా వానాకాలంలో మాకు ఈ నీళ్లు అక్కరలేదు. అప్పుడు ఎక్కడ పోస్తారు?

బురుజు నీడ:
రైతు గారి మాటలో నిజం ఉంది. వానాకాలం సంగతి నేను ఆలోచించలేదు. హంద్రీ వెళ్లి కలిసే తుంగభద్ర పారుతున్న నెలల్లో నదికి వదలడానికి నాకూ అభ్యంతరం లేదు. ఎండాకాలం మాత్రం పశుగ్రాసానికి, చెట్లకు, ఇటుకల బట్టీలకు మళ్లించాలి. పచ్చిగా తినే పంటలకు వద్దు.

నదిగట్టు గారికి ఒక్క మాట. మనం తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి, అంటే ఊరికి ఎగువ నుంచి నీళ్లు తెచ్చుకుని తాగుతున్నాం. వదిలేది దిగువకు. ఆ నీళ్లు సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయంలో చేరతాయి. ఆ జలాశయానికి ఉన్న పోతిరెడ్డిపాడు తూముల నుంచి అవే తెలుగుగంగ కాలువలో కడప జిల్లా వైపు, అక్కడి నుంచి చెన్నై దాకా పోతాయి. సీమలో ఒక ఊరి మురుగు ఇంకో ఊరి కుండలోకి పోతుంటే నాకు మనసు ఒప్పదు.

నదిగట్టు:
దిగువ వాళ్ల మీద అంత ప్రేమ ఉంటే 10 మిల్లీగ్రాముల షరతు పెట్టండి, క్లోరిన్ వేయించండి. కరెంటు బిల్లు కట్టలేక శుద్ధి కేంద్రంలో మురుగులోకి గాలి ఊదే పంపులు ఆపేస్తే పొలానికీ విషమే, నదికీ విషమే. 2032లో మళ్లీ తుంగభద్ర పుష్కరాలు వస్తాయి. అప్పటికైనా ఘాట్ల దగ్గర భయం లేకుండా మునగాలి.

గూడూరు రైతు:
నేను ఒకటే అడుగుతాను. శుద్ధి కేంద్రం గేటు బయట బోర్డు పెట్టి, ఆ రోజు బీవోడీ ఎంత, ఉప్పు ఎంత అని తెలుగులో రాయండి. నెలకోసారి మా ఎదురుగానే నీళ్లు పట్టి పరీక్షకు పంపండి. అప్పుడు ముందు ఒక ఎకరంలో గడ్డికి పారించి చూస్తాను.