వీఎంఎఫ్‌ఎస్ 5 నుంచి 6కి: అప్‌గ్రేడ్ ఆప్షన్ ఏదీ?

ప్రశ్న: హోస్టులన్నీ (వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు నడిపే సర్వర్లు) వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 6.7కి మారాయి. డేటాస్టోర్లు (వీఎంల ఫైళ్లుండే స్టోరేజ్) ఇంకా వీఎంఎఫ్‌ఎస్ 5 ఫైల్ సిస్టమ్‌లోనే ఉన్నాయి. ఉన్నచోటే 6కి మార్చే దారుందా?

జవాబు 1: లేదండి. 6లో మెటాడేటా (ఫైళ్ల గురించిన వివరాలు) అమరికే వేరు. కొత్త లన్‌ను (స్టోరేజ్‌లో హోస్టులకు డిస్క్‌లా కనబడే భాగం) 6గా ఫార్మాట్ చేసి, స్టోరేజ్ వీమోషన్‌తో (వీఎం నడుస్తుండగానే దాని ఫైళ్లను మార్చే సదుపాయం) వీఎంలు తరలించండి. ఖాళీ అయిన పాత డేటాస్టోర్‌ను తీసేసి, అదే లన్‌ను 6గా ఫార్మాట్ చేస్తే తర్వాతి డేటాస్టోర్‌లోని వీఎంలకు చోటు దొరుకుతుంది. 6.0 హోస్ట్ ఒక్కటి మిగిలినా దానికి కొత్త డేటాస్టోర్ కనబడదు, చూసుకోండి.

జవాబు 2: అసలు తంటా పాత డేటాస్టోర్‌ను అన్‌మౌంట్ చేసే (హోస్టుల నుంచి విడదీసే) దగ్గర. మరిచిపోయిన టెంప్లేట్ (కొత్త వీఎంలకు నమూనా), వీఎంకి తగిలించి వదిలేసిన ఐఎస్‌ఓ (సీడీ ఇమేజ్ ఫైల్), హోస్ట్ లాగ్‌లు, తాత్కాలిక ఫైళ్లు దాచుకునే స్క్రాచ్ ఫోల్డర్, హోస్ట్ క్రాష్ అయితే వివరాలు రాసుకునే కోర్‌డంప్ ఫైల్, వీటిలో ఏదున్నా ‘వాడుకలో ఉంది’ అని మొరాయిస్తుంది. వీఎంల స్నాప్‌షాట్లు (ఒకప్పటి స్థితిని దాచిన కాపీలు) తరలించే ముందే అసలు డిస్క్‌లో కలిపేయండి.

ప్రశ్న అడిగినవారు: స్టోరేజ్ వీమోషన్ లైసెన్స్ లేకపోతే?

జవాబు 1: వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఉంటే వీఎం ఆపి మైగ్రేట్ చేయండి.