నేటాల్ ఓడ జాబితాలో ఉన్న ఊరిని ఇక్కడ పట్టుకోవడం ఎలా?

వంశధార_ఒడ్డు:
డర్బన్‌లో ఉన్న ఒక కుటుంబం పూర్వీకుల ఊరు వెతికిపెట్టమంటోంది. కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి ఓడెక్కినవాళ్ల జాబితా నకలు పంపారు. కొలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి ఇచ్చిన వరస సంఖ్య), పేరు, తండ్రి పేరు, వయసు, కులం ఉన్నాయి. జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఊరు ‘నర్సింగపిల్లి’. ఒడిశాలో వెతకాలా?

పాతరికార్డు:
అక్కర్లేదండీ. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాత విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. నేటాల్ ఓడలు నడిచింది 1860 నుంచి 1911 దాకా, కాబట్టి జాబితాలో పాత జిల్లా పేరే ఉంటుంది. ఇంకో తికమక ‘గోల్గొండ’. చాలామంది హైదరాబాద్ వైపు పరిగెడతారు. పక్కన విశాఖపట్నం అని ఉంటే అది నర్సీపట్నం దగ్గరి గొలుగొండ. ‘సర్వసిద్ధి’ తాలూకా అంటే యలమంచిలి.

మండలం_ముందు:
ఊరి పేరును కంటితో చదవకండి, పైకి పలికి చూడండి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. ‘పిల్లి’ అంటే పల్లి, ‘వుల్సా’ అంటే వలస, ‘పూర్’ అంటే పురం. తర్వాత 1961, 1971 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కులు తీయండి. వాటిలో ఊళ్లు తాలూకాల వారీగా ఉంటాయి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి ఇప్పటి మండలాల జాబితాతో మొదలుపెడితే పాత తాలూకా హద్దు దొరకదు. ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్లు తగలడం మామూలే, అన్నీ రాసి పెట్టుకోండి. నచ్చిన ఊరు ఒకటి ఎంచుకుని డర్బన్‌కి కబురు పెట్టేయడం, అదీ అసలు ప్రమాదం.

డర్బన్_తెలుగు:
ఇటువైపు పని ముందు పూర్తి చేయించండి. ఆ కొలోనియల్ నంబరుకి ముందూ వెనకా ఉన్న నంబర్లు కూడా చూడమనండి. ఒకే కుటుంబంగా ఎక్కినవాళ్లకి సాధారణంగా వరస నంబర్లు పడతాయి, భార్య, తమ్ముడు అక్కడే దొరకొచ్చు. పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో చనిపోయినవాళ్ల ఆస్తి ఫైళ్లు ఉంటాయి. అందులోని మరణ నోటీసులో తల్లిదండ్రులు, పిల్లల పేర్లు రాసే గడులున్నాయి. ఆర్కైవ్స్ ఫైళ్ల సూచిక నార్స్ (NAAIRS) ఆన్‌లైన్‌లో ఉంది గానీ అందులో కాగితం కనబడదు, ఫైలు నంబరే వస్తుంది. 1846–1950 ఫైళ్లకి ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు కూడా చూడండి. ఇంటిపేరుతో వెతికితే ఖాళీ. ఇక్కడ తాత పేరే మనవడికి ఇంటిపేరైపోయింది, లేదంటే ‘నాయుడు’ అని స్థిరపడింది.

నూకాలమ్మ_జాతర:
పేర్లు కూడా దారి చూపిస్తాయి. నూకరాజు, నూకమ్మ అయితే అనకాపల్లి చుట్టుపక్కల, పైడిరాజు, పైడమ్మ అయితే విజయనగరం వైపు.

పాతరికార్డు:
అది ఆనవాలే, ఆధారం కాదు. అప్పలస్వామి, అప్పలనాయుడు ఉత్తరాంధ్రలో ఏ ఊళ్లో అయినా ఉంటారు.

వంశధార_ఒడ్డు:
ఊరు తేలాక భూమి రికార్డులు ఏవి అడగాలి?

సర్వేనంబరు:
ముందు ఆ ఊరు జమీందారీయా, రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీయా తేల్చుకోండి. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి, ఏ నంబరు భూమి ఎవరిదో రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి. 1890ల్లో ఓడెక్కినవాడు అందులో ఉండడు, అతని అన్నదమ్ముల పిల్లలు ఉండొచ్చు. రైత్వారీ ఊరైతే డైగ్లాట్, అంటే ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో రాసిన సెటిల్‌మెంట్ రిజిస్టర్. ఇనాం భూమి (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన మాన్యం) అని ఇంట్లో చెప్పుకుంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్, 1860ల నాటిది. ఇనాందారుల వంశక్రమం రాసి ఉండేది అందులోనే, దొరికితే అంతకు మించింది లేదు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తులో ఊరు, పాత తాలూకా, సర్వే నంబరు మూడూ రాయండి. సర్వే నంబరు లేకుండా పెడితే వెనక్కి వచ్చేస్తుంది. జనన రిజిస్టర్లకి తిరక్కండి, 1870ల్లో పల్లెల్లో పుట్టినవాళ్ల నమోదు దొరకడం చాలా అరుదు.

డర్బన్_తెలుగు:
పెళ్లి సంకల్పంలో చెప్పే గోత్రం, అసలు ఇంటిపేరు పెద్దవాళ్లని అడిగి రాయించండి. కొన్ని ఇళ్లలో ఇంకా నోటి మీదే ఉన్నాయి. ఆ ఇంటిపేరుతో మీరు తేల్చిన మూడు నాలుగు ఊళ్ల ఓటరు జాబితాలు వెతికితే ఏ ఊరో తేలే అవకాశం ఎక్కువ.