వేరే పంపు వేసినాక పాత గీత చాలా, స్పిల్ చూడాల్సిందేనా?

పలమనేరు లోడు
అన్నలారా, ఒక పంచాయితీ తేల్చండి. నాది పాత టాటా 1613, ఆరు సిలిండర్లు, వరస పంపు, అంటే సిలిండరుకొకటి లెక్కన డీజిల్ నెట్టే ప్లంజర్లు వరసగా ఉండే పంపు. ప్లంజర్లు అరిగిపోయినాయి అన్నారు. మన పంపే రిపేరు చేసేదాకా బండి నిలబెట్టుకోలేక, రీకండిషన్ చేసి పెట్టిన వేరే పంపు మార్చుకున్నా. మేస్త్రీ దాన్ని ఎక్కించి, కేసు మీదుండే గీతకూ పంపు ఫ్లాంజి (బోల్టులు పడే అంచు) మీదుండే గీతకూ కలిపి నట్లు బిగించేసినాడు. చదును రోడ్డు మీద పరవాలేదు. ఇనుము లోడుతో బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు మొదలైతే చాలు, నల్లపొగ, రెండో గేరు. పలమనేరు చలికి పొద్దున స్టార్ట్ చేస్తే రవ్వంత సేపు తెల్లపొగ. మేస్త్రీ ఏమో పంపు రిపేరు చేసే పంపురూమోళ్లు డీజిల్ సరిగ్గా పెట్టలేదంటాడు. వాళ్లేమో స్పిల్ (పంపులో డీజిల్ ధార ఆగే చోటు చూసి టైమింగు పట్టేది) చూసినావా అని అడుగుతా ఉండారు. గీత కలిసినాక ఇంకా స్పిల్ ఏంది?

షెడ్డు మేస్త్రి, చిత్తూరు
అబ్బయా, గీత కలిస్తే టైమింగు, అంటే సిలిండరులో డీజిల్ కొట్టే సమయం, కలిసినట్టే. కంపినీ వాడు ఆ గీత ఊరికే కొట్టలేదు. మైకో పంపు బెంగళూరులో తయారైన కాలం నుంచీ ఈ చిత్తూరులో ఎన్ని బండ్లు గీత మీదే తిరిగినాయో లెక్కుండాదా? స్పిల్ చూడాలంటే పంపు నెత్తిన డీజిల్ బయటికి పోయే డెలివరీ వాల్వు విప్పాల. మన షెడ్లు ఎట్లుంటాయో తెలుసు గదా, పక్కన లారీ పోతే చాలు దుమ్ము. ఆ దుమ్ము వాల్వులో పడితే కొత్త పంపు కథ అక్కడికే సరి. గీత మీద పెట్టి, స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ఒక్కసారి తొక్కి ఇడిస్తే చెవికే తెలిసిపోతాది. గట్టిగా కొడితే రవ్వంత లేటు చెయ్, మెత్తగా ఉంటే రవ్వంత అడ్వాన్సు. పని అయిపాయె.

పంపు బెంచి, తిరుపతి
మేస్త్రీగారూ, దుమ్ము సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు గీత సంగతి. అదే బండి పంపు విప్పి, బెంచి మీద చూసి, అదే బండికి తిరిగి ఎక్కిస్తే గీత చాలు. నేనూ కాదనను. ఇక్కడ వచ్చింది వేరే బండి పంపు. దాని ఫ్లాంజి మీద గీత ఎవరు కొట్టారు? కంపెనీదా, లేక ఎప్పుడో ఎవరో మేస్త్రీ తన ఇంజను మీద టైమింగు పెట్టుకుని ఉలితో కొట్టుకున్నదా? రీకండిషన్ పంపుల మీద రెండు మూడు గీతలు ఉండటం మీరూ చూసే ఉంటారు. పక్కింటి తాళంచెవితో మన బీరువా తీయబోయినట్టే ఇది.

ఇంకోటి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే పంపు దగ్గర 1 డిగ్రీ జరిగితే ఫ్లైవీల్ దగ్గర 2 డిగ్రీలు. గీత పంపు మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అక్కడ 1 మిల్లీమీటరు తేడా వస్తే ఫ్లైవీల్ మీద 2 డిగ్రీల పైమాటే. ఉలి గీత మందమే దాదాపు అంత ఉంటుంది. కలిసిందో లేదో కంటితో చెప్పేస్తారా?

స్పిల్ అంటే ఏదో బ్రహ్మవిద్య కాదు. ఒకటో సిలిండరు కంప్రెషన్ మీదకు తెచ్చుకోవాలి. ఆరో సిలిండరు వాల్వులను తెరిచే రాకర్లు రెండూ కదులుతుంటే ఒకటోది కంప్రెషన్ అని గుర్తు. అక్కడి నుంచి ఇంజన్ను బాగా వెనక్కి తిప్పుకోవాలి. ఒకటో డెలివరీ వాల్వు, దాని స్ప్రింగు తీసి, హోల్డరు మళ్లీ బిగించి, దానికి వంపు పైపు పెట్టాలి. డీజిల్ ఎంత పోవాలో సరిచేసే ర్యాకు స్టాప్‌లో ఉంటే డీజిల్ ఆగనే ఆగదు. స్టార్టింగ్ పొజిషన్‌లో ఉంటే, కొన్ని ప్లంజర్ల నెత్తిన గాటు ఉంటుంది, దానివల్ల లేటుగా చూపిస్తుంది. ఫుల్ లోడు దగ్గర పెట్టి చూడాలి. చేతి పంపు కొడుతూ ఉంటే వంపు పైపు నుంచి డీజిల్ ధారగా వస్తుంది. ఇంజన్ను తిరిగే వైపుకే మెల్లగా తిప్పుతూ పోతే ధార సన్నబడి, చుక్కలై, చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆగిన చోట ఆపి ఫ్లైవీల్ కిటికీలో డిగ్రీ చూసి, ఇంజన్ పుస్తకంలో ఉన్న డిగ్రీతో సరిపోల్చుకోవాలి. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పి సరిచేయకూడదు. గేర్ల మధ్య సందు ఉంటుంది, అబద్ధం చెబుతుంది. మళ్లీ బాగా వెనక్కి పోయి రావాల్సిందే.

తేడా ఉంటే పంపు షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా పంపు ఒళ్లు తిప్పితే అడ్వాన్సు, అదే దిక్కుకు తిప్పితే లేటు.

రేణిగుంట డీజిల్
అన్నా, అన్ని పంపులకూ స్పిల్ అక్కర్లేదు కూడా. కమ్మిన్స్ 6బీటీ మీద పీ టైపు పంపు ఉంటే టైమింగు పిన్నులే ఉంటాయి. గేరు కేసు దగ్గర ఒకటి, పంపులో గవర్నరు పక్కన ప్లగ్గు విప్పితే ఒకటి. రెండూ కూర్చుంటే పని అయినట్టే. పంపులో పిన్ను మళ్లీ తిరగేసి పెట్టడం మాత్రం మర్చిపోకూడదు, అట్లే ఇంజన్ తిప్పితే విరుగుతాది. కామన్ రైలు బండ్లకైతే చాలావాటికి ఈ గొడవే లేదు, ఎప్పుడు కొట్టాలో ఈసీఎం అనే కంప్యూటరు చూసుకుంటాది. ఈ వరస పంపులతోనే తంటా.

భాకరాపేట మలుపు
నేను మేస్త్రీని కాను, డ్రైవర్ని. తిరుపతి నుంచి మదనపల్లె దారిలో తిరుగుతుంటా. చెవితో టైమింగు అనేవాళ్లకు ఒకటే మాట. మీరు వినేది ఖాళీ బండి, షెడ్డులో. మేము వినేది టమాటా లోడుతో ఘాటులో. షెడ్డులో 'డగడగ' బాగుందని అడ్వాన్సు చేసి పంపిస్తారు, పికప్ బ్రహ్మాండంగా ఉంటాది, ఓనరు సంతోషపడతాడు. లోడు మీద ఒక్కో కొట్టుడూ సుత్తితో బాదినట్టే. హెడ్ గ్యాస్కెట్ పోయినాక మళ్లీ మీ షెడ్డుకే వస్తాడు. లేటుదేమో ఇంకో రకం. పొగ, ఎగ్జాస్టు వేడి, డీజిల్ తాగడం. పలమనేరు అన్నకు పొద్దున తెల్లపొగ కూడా ఉంది కాబట్టి లేటనే నా అనుమానం.

షెడ్డు మేస్త్రి, చిత్తూరు
చెవి లేనోడు మేస్త్రీనా? సరే, మీ దారికే వస్తా. ఫ్లైవీల్ మీద డిగ్రీలు అన్ని బండ్లకూ అగుపడతాయా? తుప్పు పట్టి, నూనె మడ్డి పట్టి, కొన్నిటికి ఫ్లైవీలే వేరే బండిది వేసింటారు. గీత అబద్ధం అయితే ఆ డిగ్రీ మాత్రం సత్యహరిశ్చంద్రుడా?

పంపు బెంచి, తిరుపతి
ఇది అసలైన ప్రశ్న. ఫ్లైవీల్ మీద నమ్మకం లేకపోతే ముందు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు, పట్టుకోవాలి. ఒకటో సిలిండరు వాల్వు స్ప్రింగు విప్పి, వాల్వును పిస్టన్ నెత్తిన ఆనించి, డయల్ గేజి పెడితే దొరుకుతుంది. పని ఎక్కువే. కాని ఒక్కసారి పట్టుకుని గుర్తు కొట్టుకుంటే ఆ ఇంజనుకు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

దుమ్ముకు మందు: విప్పకముందే పంపు నెత్తి డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, అప్పుడు విప్పండి. పాత బట్టతో తుడవొద్దు, పోగులు ఇరుక్కుంటాయి. వాల్వూ దాని సీటూ జోడీ, పక్కదానితో కలపొద్దు. వాచరు కొత్తది వేయండి.

పలమనేరు అన్నకు: పొగ తగ్గాలని, ఎక్కువలో ఎక్కువ డీజిల్ ఎంతో పెట్టే ఫుల్ లోడు స్క్రూ సీలు తెంపనివ్వొద్దు. టైమింగు తెలియకుండా డీజిల్ తగ్గిస్తే పొగతో పాటు బలమూ పోతుంది.

పలమనేరు లోడు
ఆదివారం స్పిల్ చూపించినా. మేస్త్రీ ముందరే, పంపురూము పిల్లోడు వంపు పైపు తెచ్చి పెట్టినాడు. డిగ్రీ గుర్తు దాటి ఎంతో దూరం పోయినా చుక్కలు ఆగలేదు. సరే అని పంపును అడ్వాన్సు వైపు తిప్పుతే బోల్టు జరిగే స్లాట్ (పొడుగు రంధ్రం) అయిపోయింది, బోల్టు అంచుకు తగులుకునింది, అయినా చాల్లేదు. మల్లా పంపు దింపి చూస్తే గేరు ఒక పన్ను తప్పి కూర్చోనుండాది. సరిచేసి, మల్లా స్పిల్ పెట్టి, ఎయిర్ తీసి స్టార్ట్ చేసినాం. నిన్న మొగిలి ఎక్కినా. మూడో గేరులో లాగింది. పొగ పూర్తిగా పోలేదు, టర్బో హోసు కాడ రవ్వంత లీకుంది, మారుస్తా.

షెడ్డు మేస్త్రి, చిత్తూరు
చూసినారా! పన్ను తప్పింది. అది గేరు కూర్చోబెట్టినోడి తప్పు, గీత తప్పు కాదు.

పంపు బెంచి, తిరుపతి
గీతలు రెండూ కలిసే ఉన్నాయి కదా మేస్త్రీగారూ. పన్ను తప్పిందని గీత ఎవరికైనా చెప్పిందా?

పలమనేరు లోడు
అది మీరూ మీరూ తేల్చుకోండి. పంపు రెండోసారి దింపి ఎక్కించినదానికి కూలి అడుగుతా ఉండాడు మేస్త్రీ. ఇయ్యాలా, వద్దా?

భాకరాపేట మలుపు
రెండో గ్యాస్కెట్‌కు, వాచర్లకు ఇయ్యి. కూలికి మాత్రం ఇయ్యొద్దు.