9 అడుగుల హాలు, 70 వేల బడ్జెట్: కేబుల్ పీకేయాలా, ఉంచాలా?

పటమట_ఫ్లాట్ అడిగిన ప్రశ్న

విజయవాడ పటమటలో రెండు పడగ్గదుల ఫ్లాట్. హాలు 14 బై 11. సోఫాకీ టీవీ గోడకీ మధ్య 9 అడుగులు. ఇప్పుడున్నది 32 అంగుళాల పాత ఎల్‌ఈడీ, దానికి కేబుల్ బాక్సు. నెట్ 100 ఎంబీపీఎస్ ఫైబర్, రౌటర్ మాత్రం పడగ్గదిలో ఉంది. సాయంత్రం 6 నుంచి 10 దాకా పెద్దవాళ్లకి సీరియళ్లు, వార్తలు. తర్వాత మిగతావాళ్లకి ఓటీటీలో సినిమాలు, సీజన్‌లో క్రికెట్. అన్నీ కలిపి 70 వేలు దాటకూడదు.

అడిగేవి మూడు. 55 అంగుళాలు చాలా, 65కి వెళ్లాలా? ఓటీటీలు ఎలాగూ ఉన్నాయి కదా, కేబుల్ పీకేస్తే ఏం పోతుంది? మూడోది అసలు బాధ: సినిమాల్లో మాటలు వినపడవు. మాటల కోసం సౌండ్ పెంచితే, ఫైటు రాగానే పక్క ఫ్లాటు వాళ్లు తలుపు కొట్టేలా ఉంటోంది. సౌండ్‌బార్ పెడితే ఇది పోతుందా? షాపులో టీవీతో పాటు 3 వేల హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా తప్పనిసరి అంటున్నారు. నిజమేనా?

బ్రాడీపేట_4/14

ముందు హెచ్‌డీఎంఐ వైరు సంగతి తేల్చేద్దాం. 3 వేలు దండగ. 4కె బొమ్మకి కావాల్సింది 18 జీబీపీఎస్ మోసే వైరు. 2 మీటర్ల లోపు అయితే ‘ప్రీమియం హై స్పీడ్’ అని ముద్ర ఉన్న ఐదారు వందల వైరు చాలు. రాగి వైరు 5 మీటర్లు దాటితేనే తంటా. గోడలోంచి లాగాల్సి వస్తే అప్పుడు ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కొనాలి. దానికి రెండు కొసలూ ఒకటి కావు. ఒకవైపు ‘సోర్స్’ అని, రెండోవైపు ‘డిస్‌ప్లే’ అని రాసి ఉంటుంది. తిరగేసి దూర్చి గోడకి సిమెంటు పూశాక బొమ్మ రాకపోతే మళ్లీ గోడ పగలగొట్టడమే. అసలు ముక్కాలు అంగుళం కరెంటు పైపులో హెచ్‌డీఎంఐ ప్లగ్గు మలుపు తిరగదు, రెండంగుళాల పైపు వేయించండి.

ఇక సైజు. 9 అడుగులంటే 108 అంగుళాలు. సినిమా చూడ్డానికి ఆ దూరాన్ని 1.6తో భాగిస్తే 67 వస్తుంది, అంటే 65 సరిపోతుంది. కానీ మీ ఇంట్లో రోజుకి నాలుగు గంటలు నడిచేది కేబుల్. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో ఉండేది 576 గీతలు. 4కె తెర మీద 2160. ఒక్కో గీతని దాదాపు నాలుగుగా సాగదీస్తుంది టీవీ. 65 మీద సీరియల్ పెడితే మొహాలన్నీ మైనపు బొమ్మల్లా, కింద స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు కనిపిస్తుంది. పెద్దవాళ్లు ‘పాత టీవీయే బాగుంది’ అనేది ఇందుకే, వాళ్ల చాదస్తం కాదు. అందుకని 55 తీసుకోండి, మిగిలింది సౌండుకి పెట్టండి.

4కె, 4కె అని షాపులో ఎంత ఊదరగొట్టినా, 55 అంగుళాల తెరకి 7 అడుగులు దాటి కూర్చుంటే 1080కీ 4కెకీ చుక్కల్లో తేడా మామూలు కంటికి ఆనదు. తేడా తెలిసేది వెలుగునీడల్లో. ఆ తేడాని ఎక్కువగా చూపే ‘హెచ్‌డీఆర్ సపోర్ట్’ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన వెలుగు రాదు, ఎన్ని నిట్లో (నిట్ అంటే తెర వెలుగు కొలత) అడగండి. 300 నిట్ల తెర మీద హెచ్‌డీఆర్ పెడితే రాత్రి సీన్లు ఇంకా చీకటి గుయ్యారమవుతాయి.

బిల్లులో జీఎస్టీ కూడా ఒకసారి చూసుకోండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18.

గవర్నర్‌పేట_గాలి

కేబుల్ పీకేయండి మాస్టారూ. సీరియళ్లన్నీ యాప్‌లలో వస్తున్నాయి, వార్తా చానళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఉంటున్నాయి. ఇంకా ఆ బాక్సెందుకు?

ఆపరేటర్_వైపు

గాలి గారూ, లెక్క వేసి చెప్పండి. కేబుల్‌లో నెట్‌వర్క్ ఫీజు అనే ఎన్‌సీఎఫ్ 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153.40. 2024 జులైలో నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ ఫీజు మీద పరిమితి ఎత్తేసింది కాబట్టి మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో అడగాలి, కానీ లెక్కకి ఇదే తీసుకుందాం. పే చానల్‌ని ఏదైనా బొకేలో, అంటే చానళ్ల గుత్తిలో, పెట్టాలంటే దాని ధర 19 దాటకూడదు. పెద్ద తెలుగు వినోద చానళ్లు నాలుగు, ఒక్కోటీ పూర్తి 19 చొప్పున వేసుకున్నా 76. జీఎస్టీతో 89.68. మొత్తం 243 రూపాయలు. వార్తా చానళ్లు చాలావరకు ఉచితమే. ఆ నాలుగు చానళ్ల సీరియళ్లూ యాప్‌లలో చూడాలంటే ఒక్క యాప్‌తో అవదు, ఒక్కో చానల్ ఒక్కో కంపెనీది.

పెద్దవాళ్లకి నంబరు నొక్కితే చానల్ రావాలి. హోమ్ స్క్రీన్, ప్రొఫైల్, ‘మీరు ఇంకా చూస్తున్నారా’ అని మధ్యలో ఆగడం, ఇవన్నీ వాళ్లకి పరీక్షే.

మీరు చేయాల్సిన మార్పు ఒకటే. ఆపరేటర్ ఇచ్చిన ‘పవర్ ప్యాక్’ తీసేయించి చానళ్లు విడివిడిగా రాసి ఇవ్వండి. వాళ్లు రోజూ చూసే రెండు మూడింటికి హెచ్‌డీ తీసుకోండి. హెచ్‌డీ బాక్సే ఇచ్చారో లేదో చూడండి. చాలా ఇళ్లలో హెచ్‌డీ చానల్‌కి డబ్బు కడుతూ ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతోనే టీవీకి కలిపి ఉంటుంది. ఆ వైర్లలో హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎంఐ పెట్టాక బాక్సు సెట్టింగుల్లో రిజల్యూషన్‌ని 1080కి, ఆస్పెక్ట్‌ని 16:9కి మార్చాలి. అది 576లోనే వదిలేస్తే వైరు మార్చినా బొమ్మ మారదు.

క్రికెట్‌కైనా కేబుల్ ఉండాలి. యాప్‌లో లైవ్ ముక్కలు ముక్కలుగా పోగై వస్తుంది కాబట్టి కేబుల్ కంటే అర నిమిషం దాకా వెనకబడుతుంది. మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగెత్తుతూనే ఉంటాడు, కింద ఫ్లోర్‌లో ఈలలు వేసేస్తారు.

డీటీహెచ్‌కి మారదామని ఎవరైనా అంటే, ఉపగ్రహం నుంచి దాని డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ సంకేతాన్ని జోరువాన మింగేస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో సరిగ్గా వార్తలు కావాల్సినప్పుడే బొమ్మ పోతుంది. నెల ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది: జీశాట్-15 ఉపగ్రహం, 93.5 డిగ్రీల తూర్పు. విజయవాడ నుంచి ఆగ్నేయం వైపు, దాదాపు 65 డిగ్రీలు పైకెత్తాలి. సప్తగిరి వస్తుంది. మీకు కావాల్సిన సీరియళ్ల కోసం మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

గాంధీనగర్_రీలు

ఓటీటీ చందాల గురించి ఒక మాట. ఏడాదికి ఒకేసారి కట్టే ముందు ఈ వ్యాపారం ఎటు పోతోందో చూడండి.

2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ హక్కులు 48,390 కోట్లకి పోయాయి. అందులో టీవీ వాటా 23,575 కోట్లయితే, మన దేశంలో డిజిటల్‌కి 20,500 కోట్లు, ఎంపిక చేసిన మ్యాచ్‌లకి మరో 3,258 కోట్లు. కలిపితే డిజిటలే టీవీని దాటేసింది. అప్పుడు టీవీ స్టార్‌ది, యాప్ జియోది. పోటీలో ఫోన్‌లో మ్యాచ్ ఉచితంగా చూపించారు. 2024 నవంబరులో ఇద్దరూ ఒకటయ్యారు, 2025 ఫిబ్రవరి 14న రెండు యాప్‌లూ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఒకే కొట్టు మిగిలినప్పుడు బేరం ఎవరితో ఆడతాం? ప్రైమ్ వీడియో 2025 జూన్ 17 నుంచి డబ్బు కట్టినవాళ్లకీ ప్రకటనలు మొదలెట్టింది, అవి వద్దంటే నెలకి మరో 129. ప్రకటనలు పడలేక కేబుల్ వదిలిన జనం ప్రకటనల కోసం మళ్లీ కడుతున్నారు.

సినిమాలదీ ఇదే వరస. ఒకప్పుడు బెజవాడలో ఆడాక ప్రింటు తెనాలికి, తర్వాత నరసరావుపేట లాంటి చోట్లకి, ఆ పైన టూరింగ్ టాకీసుకి చేరేది. బి, సి సెంటర్లని పిలిచేవాళ్లు. కృష్ణా, గుంటూరు ఏరియా కొన్న బయ్యర్‌కి ఆ రన్నే లాభం. ఇప్పుడు ఆ సి సెంటర్ మీ హాలే. నాలుగు వారాల్లో వచ్చేస్తుందని తెలిశాక రెండో వారం టికెట్ ఎవరు కొంటారు? సినిమా ఎన్ని వారాలకి ఓటీటీకి రావాలనే గడువు, పెరిగిన ఖర్చుల మీద 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలు షూటింగ్‌లే ఆపారు. అయినా నాలుగు వారాల ఒప్పందాలు పోలేదు, ఎందుకంటే డిజిటల్ డబ్బు లేకపోతే చాలా సినిమాల బడ్జెట్టే లేవదు. హిందీలో జాతీయ మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలకి ఒప్పుకోకపోతే తెరే ఇవ్వవు. ఒక తెలుగు సినిమా హిందీ వెర్షన్ అక్కడ కనిపించలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకని మీకు పనికొచ్చే పద్ధతి: ఏడాది పొడుగునా వాడేది ఒక్కటి ఉంచుకోండి. మిగతావి నెల చొప్పున. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె రావాలంటే 649 ప్లానే, ఏడాదికి 7,788. మూడు నెలలు తీసుకుని కావాల్సినవన్నీ చూసి ఆపేస్తే 1,947. ఆటో పే ఆపడం మర్చిపోతే ఈ లెక్కంతా గంగపాలు. ఏ సినిమా ఏ యాప్‌కి వెళ్తుందో థియేటర్‌లో టైటిల్స్ ముందు పడే లోగోల్లోనే ఉంటుంది, గమనించండి. యాప్‌లో ‘కొన్న’ సినిమా కూడా మీ సొత్తు కాదు, హక్కుల గడువు తీరితే పోవచ్చు.

పటమట_ఫ్లాట్

అందరికీ ధన్యవాదాలు. 55, కేబుల్ ఉంచడం, నెల చందాలు ఖాయం చేశాను. టీవీకి 45 వేలు అనుకుంటున్నా. సౌండ్ సంగతి ఎవరూ చెప్పలేదు. హాల్లో వైఫై కూడా రెండు గోడలు దాటి రావాలి.

సెంటర్_చానల్

మాటలు వినపడకపోవడానికి కారణం మీ చెవులు కాదు. పలచటి టీవీలో స్పీకర్లు కిందికో వెనక్కో ఉంటాయి. పైగా చాలా సినిమాలకి యాప్ పంపేది 5.1, అంటే ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ విడివిడి ధ్వని. అందులో మాటలన్నీ మధ్య చానల్‌లో ఉంటాయి. ఉన్న రెండు స్పీకర్లలోకి అన్నిటినీ కుక్కేసరికి మాట సంగీతం కింద నలిగిపోతుంది.

పైసా ఖర్చు లేకుండా ముందు ఇది చేయండి. యాప్‌లో ఆడియో దగ్గర 5.1 బదులు మామూలు స్టీరియో తెలుగు ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీ సౌండ్ మెనూలో నైట్ మోడ్ గానీ, ఆటో వాల్యూమ్ గానీ పెట్టండి. ఫైటు మోత తగ్గి మాట పైకి వస్తుంది. సగం ఇళ్లలో ఇంతటితో సరిపోతుంది.

కొనేట్టయితే 3.1 కంటే తక్కువ వద్దు. ఆ 3లో మధ్యదే మాటల స్పీకర్. 2.1 కొంటే దడదడ పెరుగుతుంది తప్ప మాట అక్కడే ఉంటుంది. 2.1 డబ్బా మీద అట్మాస్ (పైనుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతి) అని రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. పైకప్పుకి కొట్టి వచ్చే రకానికి చదునైన సీలింగ్ కావాలి, మన హాళ్లలో పీఓపీ మెట్లూ ఫ్యానూ ఉంటే ఆ ధ్వని చెదిరిపోతుంది. 15 నుంచి 20 వేలలో మంచి 3.1 చూడండి. సబ్‌వూఫర్‌ని మూలకి నెట్టకండి, గోడకి అడుగు దూరంలో, కింద రబ్బరు ముక్కలు వేసి పెట్టండి. పక్క ఫ్లాటు గొడవ చాలావరకు దానివల్లే.

బిగించేటప్పుడు టీవీ వెనక ఆర్క్ లేదా ఈ-ఆర్క్ (టీవీ సౌండుని సౌండ్‌బార్‌కి పంపేది) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులోకే సౌండ్‌బార్ వైరు పెట్టాలి. మిగతా వాటిలో పెడితే చప్పుడు రాదు. టీవీ, సౌండ్‌బార్ ఒకదాన్నొకటి నడిపించుకునే సీఈసీ ఆన్ చేయాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: ఎల్‌జీలో సింప్‌లింక్, సామ్‌సంగ్‌లో ఎనీనెట్, సోనీలో బ్రావియా సింక్. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘ఆటో’లో ఉంచండి. అదే మెనూలో పీసీఎమ్ ఎంచుకుని ఉంటే ఆర్క్‌లో రెండు చానళ్లే వెళ్తాయి, మధ్య స్పీకర్‌కి మాట విడిగా అందదు. పెదాల కంటే మాట ముందొస్తే ఆడియో డిలే 40 మిల్లీసెకన్ల నుంచి మెల్లగా పెంచుతూ పోండి. వెనకొస్తే ముందు డిలే సున్నా చేయండి, అదనపు సౌండ్ ఎఫెక్టులు ఆపండి. అప్పటికీ తగ్గకపోతే ఆ కేసులో మాత్రం పీసీఎమ్ పెట్టి చూడండి.

వైఫైకి తలబద్దలు కొట్టుకోవద్దు. 4కెకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. కానీ వైఫైలో వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సంకేతం రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసపడుతుంది, 2.4లో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అరుస్తుంటాయి. రౌటర్ నుంచి టీవీ దాకా స్కర్టింగ్ వెంట ఒక క్యాట్6 నెట్ వైరు లాగించండి. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్సే, అది చాలు. డేటా భయం కూడా వద్దు: 4కె గంటకి 7 జీబీ వేసుకున్నా రోజుకి ఐదు గంటల చొప్పున నెలకి 1,050 జీబీ. మీ ప్లాన్ పరిమితి దీనికంటే ఎక్కువుంటే చాలు. కరెంటు పోయినా నెట్ ఉండాలంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి, కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చదవండి.

టీవీ ఇంటికి రాగానే పిక్చర్ మోడ్‌ని ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కి మార్చి, మోషన్ స్మూతింగ్ ఆపండి. లేకపోతే 24 ఫ్రేముల సినిమా కూడా సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తుంది. క్రికెట్ వచ్చే కేబుల్ పోర్టుకి మాత్రం అది ఆన్‌లోనే ఉంచుకోవచ్చు, చాలా టీవీల్లో ఏ పోర్టు సెట్టింగ్ దానికే గుర్తుంటుంది.

బ్రాడీపేట_4/14

పాత 32ని పారేయొద్దు. పడగ్గదిలో పెట్టి, ఓటీటీ యాప్‌లు నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ దాని హెచ్‌డీఎంఐ పోర్టుకి గుచ్చండి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీల్లో అక్కడ వచ్చేది అర ఆంపియరే, సినిమా మధ్యలో రీస్టార్ట్ అవుతుంటుంది. దాంతో వచ్చిన అడాప్టర్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టండి. డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, అది కూడా వాడండి. మే నెలలో టీవీ వీపుకి అంటుకుని ఉంటే వేడెక్కి ఆగిపోతుంది.