కుక్కపిల్ల డాబా మీద ఉచ్చ పొయ్యదు, లోపలికొచ్చి దేవునర్ర ముందల పోస్తది. ఏం చెయ్యాలె?

నల్గొండ_మీదింటోళ్ళు:
అన్నా, అక్కా, జర ఏమన్న చెప్పుండ్రి. పది రోజుల కింద లాబ్రడార్ పిల్లను తెచ్చినం, దానికిప్పుడు రెండు నెలలు. మాది కిరాయిల్లు, పైన ఉంటం. పొద్దున లేవంగనే ఎత్తుకొని డాబా మీదికి తీస్కపోతున్న, 20 నిమిషాలు పూలకుండీలు వాసన చూస్తది, నా చెప్పు కొరుకుతది, ఒక్క చుక్క పొయ్యదు. లోపలికి రాంగనే సీదా దేవునర్ర గడప ముందల కూసుంటది, అయిపాయె. రోజూ అదే జాగ. అమ్మ ఫినాయిల్ సీస చేతుల పట్టుకొనే తిరుగుతుంది, అదన్న ఉండాలె నేనన్న ఉండాలె అంటుంది. ఒకసారి చిన్నగ కొట్టిన, గప్పటిసంది సోఫా కిందికి పోయి గూడ పోస్తుంది.

పాలమూరు_పోరడు:
దాని ముక్కు ఆ ఉచ్చల పెట్టి రాయి, రెండు రోజులల్ల సెట్ అయితది. మా తాత గట్లనే చేస్తుండె.

మిర్యాలగూడ_రెండుకుక్కలు:
తాతల కాలంల కుక్క వాకిట్ల పంటుండె తమ్మీ, నీ సోఫా దానికెక్కడ ఉండె. ముక్కు రాస్తే దానికి సమజయ్యేది ఒకటే, మనిషి ముందల పోస్తే దెబ్బలు పడ్తయని. అందుకే సోఫా కింద దాక్కుంటుంది. రెండు నెలల పిల్ల పగటిపూట గంట, మహా అంటే రెండు గంటలు ఆపుకుంటది, అంతకంటే దానితోని కాదు. నిద్ర లేవంగనే, ఆడినంక, తిన్నంక పది పదిహేను నిమిషాలకు పైకి తీస్కపో. పొయ్యలేదా, లోపలికి తెచ్చి ఇడిసిపెట్టకు, ఒళ్ళె పెట్టుకొని కూసో, పది నిమిషాలాగి మళ్ళ పైకి, ఇట్ల పోసేదాక తిరగాలె. పొయ్యంగనే అక్కడికక్కడ ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టు, కిందికొచ్చినంక పెడ్తే దేనికి పెట్టినవో దానికి ఎరుక గాదు. లోపల తుడిచిన గుడ్డ తీస్కపోయి డాబా మూలకు వెయ్యి, వాసనకు అదే జాగ పట్టుకుంటది. రోడ్డు మీద మాత్రం ఇప్పుడే దించకు, 16 వారాలదాక టీకాలుంటయి, వీధికుక్కలు తిరిగే కాడ పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే కుక్కల రోగం) అంటుకుంటే పిల్ల దక్కుడు కష్టం. మాదానికి నెలన్నర పట్టింది, మధ్యల రెండుసార్లు మళ్ళ మొదటికొచ్చింది.

వనపర్తి_అక్క:
కింద బండలా, టైల్సా? మాది తాండూరు బండలు, ఉచ్చ సందులల్ల ఇంకుతది. ఫినాయిల్ కొడ్తే మనకు వాసన పోతది గని కుక్కకు పోదు, పైగా పిల్ల కాళ్ళు నాకుతది, మంచిది గాదు. పెట్ షాపుల ఎంజైమ్ క్లీనర్ అని అడుగు, అది ఉచ్చ వాసనను మొదలంట తీస్తది. ఇంకొకటి, వీడియోలల్ల వెనిగర్ పొయ్యమంటరు, బండ మీద పొయ్యకు, అది సున్నపురాయి, తెల్లగ మచ్చలు పడ్తయి. నాకు పడ్డయి, ఇంటోళ్ళు అడ్వాన్సుల కోసుకున్నరు.

నల్గొండ_మీదింటోళ్ళు:
బండలే అక్కా!! సందులల్ల వంగి వాసన చూసిన, నాకే వస్తుంది ఇగ దానికి రాదా. మరి రాత్రి ఎట్ల?

మిర్యాలగూడ_రెండుకుక్కలు:
పండే ముందల ఒకసారి, నడిరాత్రి అలారం పెట్టుకొని ఒకసారి, కొన్ని వారాలే. ఇంకో మాట, చుక్క చుక్క మాటిమాటికి పోస్తుంటే మాత్రం అది ట్రైనింగ్ ముచ్చట గాదు, డాక్టరుకు చూపియ్యి.

నల్గొండ_మీదింటోళ్ళు:
రాత్రి 3 గంటలకు లేపి తీస్కపోయిన, కుండీ పక్కన పోసింది అన్నా! చికెన్ ముక్క కింద ఫ్రిజ్‌ల మర్చిపోయిన.