ఎల్లుండే సిస్టోస్కోపీ, చేయించుకున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి

మూడోబెంచి:
అందరికీ నమస్కారం. నా వయసు 52. నెల కిందట ఒకరోజు యూరిన్ ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మర్నాటికి మామూలైపోయింది, నేనూ మర్చిపోదామనే చూశాను. మా ఆవిడ ఊరుకోలేదు. స్కాన్ తీస్తే ఏమీ లేదన్నారు. అయినా బ్లాడర్‌లోకి కెమెరా పెట్టి చూడాల్సిందేనట. అది ఏ దారిన వెళ్తుందో డాక్టర్ గారు చెప్పాక, ఆ తర్వాత ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క నా బుర్రకెక్కలేదు. మత్తు ఉండదట, జెల్ పెడతారట. నెట్‌లో వెతికితే సగం మంది "అసలేం తెలియదు" అంటారు, సగం మంది "నరకం" అంటారు. ఏది నమ్మాలి? స్కాన్ బాగానే ఉన్నప్పుడు ఇది తప్పదా?

పాతకాపు:
రెండూ నమ్మకండి. నేను ఆరేళ్లలో పద్నాలుగుసార్లు ఆ బల్ల ఎక్కాను. బ్లాడర్‌లో చిన్న గడ్డ తీశారు. అప్పట్నుంచి మొదట మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, ఇప్పుడు ఏడాదికోసారి.

ముందు మీ స్కాన్ సంగతి. స్కాన్‌లో కిడ్నీలు, రాళ్లు, కాస్త పెద్ద గడ్డలు దొరుకుతాయి. బ్లాడర్ లోపలి పొరకు అంటుకుపోయినట్టుండే పల్చటి మచ్చ దొరక్కపోవచ్చు. దాన్ని కంటితో చూడాల్సిందే. నాకు కూడా నొప్పి లేకుండా ఒక్కసారే రక్తం పడింది, ఆగిపోయింది. ఆగింది కదా అని వదిలేసే రకం కాదు అది. అలాగని మీకూ అదే ఉంటుందని కాదు, ఇలా రక్తం పడినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. సిగరెట్ అలవాటు ఉంటే మాత్రం డాక్టర్ దగ్గర దాచకండి. బ్లాడర్ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

ఇక పరీక్ష. పడుకోబెట్టి శుభ్రం చేస్తారు. ఆ మందు చల్లగా తగలగానే సగం ప్రాణం పోతుంది, కానీ అది ఒట్టి క్లీనింగే. తర్వాత సూది లేని సిరంజితో జెల్ లోపలికి ఎక్కిస్తారు. చురుక్కుమంటుంది, కాసేపటికి మొద్దుబారుతుంది. కెమెరా గొట్టం పెన్సిల్ కంటే సన్నం, ఎటు కావాలంటే అటు వంగుతుంది. మగవాళ్లకు దారి 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందులో చాలా భాగం ఏదో జారుతున్నట్టు ఉంటుందే తప్ప నొప్పి అనలేం. ప్రోస్టేట్‌కి కాస్త ముందు, యూరిన్‌ని ఆపి ఉంచే కండరం ఒకటి ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు మాత్రం గుచ్చినట్టవుతుంది. నాకైతే అయిదారు సెకన్లు. అబద్ధం చెప్పను, ఆ అయిదారు సెకన్లూ పళ్లు బిగబట్టాల్సిందే.

లోపలికి చేరాక నీళ్లు నింపుతారు. ముడతలు విచ్చుకుంటేనే కదా గోడలు కనపడేది. బస్సులో ఇరుక్కుపోయి గంటసేపు ఆపుకున్నట్టు ఉంటుంది అప్పుడు. "ఇక్కడే పోసేస్తానేమో" అనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది, సిగ్గుపడకండి. గొట్టం లోపల ఉండేది మొత్తం అయిదు పది నిమిషాలు.

వానచినుకు:
ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం. నాకు ఏడాదిలో అయిదుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందని చేశారు. మనకు దారి 4 సెంటీమీటర్లే, కాబట్టి పాతకాపు గారు చెప్పిన ఆ గుచ్చుడు పెద్దగా ఉండదు. నన్ను బాధపెట్టింది నొప్పి కాదు, కాళ్లు రెండూ పైకెత్తి పడుకోవడం. గదిలో నలుగురున్నారు. అందులో ఇద్దరు ఎందుకున్నారో ఇప్పటికీ తెలియదు. రెండోసారి వెళ్లినప్పుడు ముందే అడిగాను, "అవసరం లేనివాళ్లు బయట ఉండొచ్చా, పక్కన ఒక లేడీ నర్సు ఉంటారా" అని. వెంటనే సరే అన్నారు. అడగొచ్చని మొదటిసారి నాకు తట్టనే లేదు. పీరియడ్స్ టైమ్‌లో డేట్ పడితే ఫోన్ చేసి కనుక్కోండి, చాలాచోట్ల చేసేస్తారు.

ఇంకో మాట. అసలు పరీక్ష కన్నా ఆ తర్వాత మొదటిసారి బాత్రూమ్‌కి వెళ్లినప్పుడే ఎక్కువ మంట. కారం రాసినట్టు. రెండోసారికి సగం, రాత్రికి ఇంకా తగ్గింది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ అక్కడ పెట్టుకుంటే హాయిగా ఉంది.

గళ్లచొక్కా:
మీరంతా ధైర్యం చెప్తున్నారు, మంచిదే. నాకు మాత్రం చుక్కలు కనపడ్డాయి. ఆసుపత్రి పేరు ఎందుకులెండి. బయట నాతో పాటు ఎనిమిది మంది లైన్లో ఉన్నారు. జెల్ ఎక్కించడం, గొట్టం పెట్టడం వెంటవెంటనే. "ఆగండి సార్" అన్నాను, "అయిపోయింది అయిపోయింది" అన్నారు. అవ్వలేదు. రెండ్రోజులు యూరిన్ అంటేనే భయం. మళ్లీ చేయించుకోమంటే ఆరు నెలలు వాయిదా వేశాను.

రాత్రిడ్యూటీ:
యూరాలజీ వార్డులో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. గళ్లచొక్కా అన్నా, మీకు జరిగింది తప్పే. జెల్‌లో ఉండేది లిడోకేయిన్, అది పట్టుకోవడానికి టైమ్ కావాలి. అయిదు పది నిమిషాలు ఆగడం మంచిది. వెంటనే పెడితే అది ఒట్టి జారుడు మందులాగే పనిచేస్తుంది. "జెల్ పెట్టాక కాసేపు ఆగుతారా?" అని పేషెంటు ముందే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

మూడోబెంచి గారూ, మీకు పనికొచ్చేవి చెప్తాను. ఆ కండరం దగ్గరికి వచ్చినప్పుడు మనిషి బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుంది, నొప్పి రెట్టింపవుతుంది. అప్పుడు యూరిన్ పోయబోతున్నట్టు వదులుగా వదిలేయండి, నెమ్మదిగా ఊపిరి వదలండి. కాలి వేళ్లు ఆడించమని నేను చెప్పేదాన్ని, ధ్యాస అటు పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో, లోపలికి నీళ్లు పంపే సెలైన్ సంచిని పక్కనున్న సిబ్బంది నొక్కితే నీళ్ల ధారకు దారి తెరుచుకుంటుంది. మగవాళ్లకు ఇలా చేస్తే నొప్పి తగ్గుతుందని పరీక్షించి తేల్చినదే. స్క్రీన్ మీ వైపు తిప్పమని కూడా అడగండి. తమ బ్లాడర్ తాము చూస్తూ పడుకున్నవాళ్లు తక్కువ కంగారు పడటం నేను కళ్లారా చూశాను.

వెళ్లేముందు యూరిన్ టెస్ట్ చేస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేస్తారు, విసుక్కోకండి. ఇన్ఫెక్షన్ మీద గొట్టం పెడితే అది రక్తంలోకి ఎక్కే ప్రమాదం ఉంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే, గుండెలో కృత్రిమ వాల్వ్ ఉంటే, ఏ మందైనా పడకపోతే ముందే చెప్పాలి. మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. జెల్‌తో చేసేదానికి సాధారణంగా ఖాళీ కడుపు అక్కర్లేదు.

కోడికూతవేళ:
మా నాన్నగారికి వేరే రకం చేశారు, గట్టి గొట్టంతో. ముక్క తీసి బయాప్సీకి పంపాలన్నారు కాబట్టి వెన్నులో మత్తు ఇచ్చారు. ఆయనకేం తెలియలేదు, కబుర్లు చెబుతూనే ఉన్నారట. కానీ దానికి ఖాళీ కడుపుతో వెళ్లాలి, కాళ్లలో స్పర్శ రావడానికి కొన్ని గంటలు పట్టింది, యూరిన్ పోవడానికి ఒకరోజు ట్యూబ్ ఉంచారు. ట్యూబ్ తీశాక యూరిన్ రాలేదు. ప్రోస్టేట్ పెద్దదిగా ఉన్నవాళ్లకు ఇలా అవుతుందట. ఆయన సిగ్గుపడి రాత్రంతా చెప్పలేదు. తెల్లారేసరికి పొట్ట కింద బంతిలా ఉబ్బింది. మళ్లీ ట్యూబ్ పెట్టగానే "అబ్బ" అన్న ఒక్క మాట, అంతే నిద్రపోయారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చేయిస్తే గంట గంటకూ అడగండి, మొహమాటపడినా సరే.

ఒకటేమాట:
నాది డీజే స్టెంట్, అంటే కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా పెట్టే సన్నటి గొట్టం, తీయడానికి. ఇదే కెమెరా గొట్టం పెట్టి, లోపల చిన్న కొక్కెంతో స్టెంట్‌ని పట్టుకుని లాగేశారు. లాగినప్పుడు నడుము దాకా జివ్వుమంది. అంతలో అయిపోయింది. స్టెంట్‌తో పడ్డ మూడు వారాల బాధ ముందు అదెంత.

పాతకాపు:
మూడోబెంచి గారూ, నిద్ర పట్టకపోతే ఇది చదువుకోండి. 1877లో మాక్స్ నిట్జె అనే జర్మన్ డాక్టర్ మొదటి సిస్టోస్కోప్ చూపించాడు. గట్టి లోహపు గొట్టం. దాని కొసన ప్లాటినం తీగ భగ్గున వెలుగుతుండేది, అది కాల్చకుండా చుట్టూ చల్లటి నీళ్లు తిప్పేవారు. అది తలుచుకుంటే మన జెల్ ఎంత మర్యాదస్తురాలో అర్థమవుతుంది.

మూడోబెంచి:
ఇందాకే ఇంటికొచ్చాను. అయిపోయింది.

జెల్ గురించి అడిగాను. డాక్టర్ గారు నవ్వి, గడియారం చూసి, బయటికెళ్లి మళ్లీ వచ్చారు. ఆ గుచ్చుడు ఉంది, కాదనను, కానీ కాలి వేళ్లు ఆడిస్తూ "ఎడమ, కుడి, ఎడమ" అనుకునేలోపు దాటిపోయింది. స్క్రీన్ తిప్పమన్నాను. లేత గులాబీ రంగు గోడ, దానిమీద మ్యాపులో నదుల్లా సన్నటి ఎర్ర నరాలు. పైన ఒక గాలి బుడగ తేలుతోంది. డాక్టర్ గారు ఒక మూల చూపించి "ఇక్కడ చూడండి" అన్నారు. చిన్న చీలికలాంటిది, చూస్తుండగానే తెరుచుకుని సన్నటి చిమ్ము వదిలి మూసుకుంది. కిడ్నీ నుంచి యూరిన్ వచ్చి పడేది అక్కడేనట. 52 ఏళ్లుగా అది నాకు చెప్పకుండా పని చేస్తూనే ఉంది. నొప్పి సంగతి కాసేపు మర్చిపోయాను, నిజం.

బ్లాడర్‌లో ఏమీ లేదు. ప్రోస్టేట్ కాస్త పెరిగింది, దానిమీద నరాలు ఉబ్బి ఉన్నాయి, రక్తం అక్కడిదే అయ్యుండొచ్చన్నారు. మళ్లీ కనపడితే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. మా ఆవిడకి ఫోన్ చేస్తే "నేను చెప్పలా" అంది.

వానచినుకు గారూ, కారం మాట అక్షరాలా నిజం. నీళ్లు తాగుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను, లేత ఎరుపు వచ్చింది. ఇది మామూలేనా?

రాత్రిడ్యూటీ:
మామూలే. ఒకటి రెండు రోజులు లేత ఎరుపు, మంట ఉంటాయి. మంటకు పారాసిటమాల్ మీకు పడేదైతే వేసుకోవచ్చు. చలితో జ్వరం వచ్చినా, రక్తం గడ్డలు గడ్డలుగా పడినా, వెళ్లాలనిపించి రాకపోయినా, ఎరుపు తగ్గకుండా చిక్కబడుతున్నా రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.

గళ్లచొక్కా:
అభినందనలు బ్రదర్. నేను వాయిదా వేసింది ఇవాళ ఫోన్ చేసి బుక్ చేశాను, వేరే చోట. గురువారం. జెల్ తర్వాత పది నిమిషాలు ఆగుతారని ఫోన్లోనే ఒప్పించాను. రిసెప్షన్ అమ్మాయి ఇంతవరకు ఎవరూ అలా అడగలేదంది. ఇంకేమైనా తీసుకెళ్లాలా?

రాత్రిడ్యూటీ:
పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ. ముదురు రంగు ప్యాంటు వేసుకోండి, వచ్చేటప్పుడు జెల్ కారుతుంది.