తొలిసారి ఎన్నికైన ఎమ్మెల్యే నుంచి ఏమి ఆశించాలి?

ప్రశ్న: మా నియోజకవర్గం నుంచి తొలిసారి గెలిచిన ఎమ్మెల్యే రోజంతా పింఛన్లు, బదిలీల సిఫారసు లేఖలపై సంతకాలతోనే గడుపుతున్నారు. శాసనసభ్యుని అసలు పని ఇదేనా? స్థానిక సమస్యను సభ దాకా తీసుకువెళ్లే మార్గమేమిటి?

మొదటి సమాధానం: సిఫారసు లేఖలను తీసిపారేయలేం, అండ లేనివారికి అవే ఆసరా. అయితే ఒకే తరహా అర్జీలు పదే పదే వస్తున్నప్పుడు, వాటి వెనుక ఉన్న లోపాన్ని పట్టుకుని సభలో ప్రశ్నగా మలచడంలోనే సభ్యుని పనితనం తెలుస్తుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్న చర్చకు వస్తే మంత్రి మౌఖికంగా జవాబివ్వాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు కూడా అడగవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబుతో సరి. కాలువ మరమ్మతులు ఎప్పుడు చేస్తారని అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అని దాటవేస్తారు. మంజూరైన మొత్తమెంత, ఖర్చయినదెంత, పని ఎక్కడ ఆగింది అని అడిగితే అంకెలు చెప్పక తప్పదు.

రెండో సమాధానం: ఏకీభవిస్తాను. పార్టీ కట్టుబాటు వల్ల నోరు విప్పలేకపోతున్నామని కొందరు అంటారు, నాకైతే అది చాలాసార్లు సాకుగానే తోస్తుంది. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటు వేస్తే అనర్హత వేటు పడవచ్చు గాని, నియోజకవర్గ సమస్యపై ప్రశ్న వేయడానికి ఆ విప్ అడ్డురాదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. కాలువ అర్జీలన్నీ ఒకచోట చేర్చి, అంకెలు అడిగే ప్రశ్నగా రాసి ఆయనకే అందజేస్తాం.